భోజన్న ముంగిస

భోజన్నకు రాని పని లేదు. కనీసం "నాకు రాదు" అన్న మాట ఆయన నోట మేమెవ్వరం వినలేదు. వీసా ఇంటర్వ్యూలో తోటపని వచ్చా అని అడిగితే వచ్చన్నాడు. నల్లాల రిపేరు వచ్చా అంటే వచ్చన్నాడు. ఒంటెలు కాయగలవా అంటే, బర్లను కాసినోనికి ఒంటెలొక లెక్కనా అన్నాడట. చివరికి డ్రైవరుగా తీసుకున్నారు కాబట్టి ఒంటెలు బతికిపోయాయి.

నిర్మల్ దగ్గర సారంగాపూర్ వైపు మనిషి. రియాద్‌లో, మలాజ్ పేటలో ఓ సౌదీ కుటుంబానికి కారు నడుపుతాడు. ఆ ఇంటి ప్రహరీ లోపల, గేటు పక్కన ఉన్న చిన్న గది ఆయనది. నేను ఏసీలు బిగించేవాణ్ని. అక్కడికి దగ్గర్లోనే ఓ పాత బిల్డింగులో మరికొందరితో కలిసి ఉంటాను. శుక్రవారం వచ్చిందంటే భోజన్న మా గదికి వచ్చి, మా కూర తిని, అందులో ఉప్పు గురించి నాలుగు మాటలు చెప్పి వెళ్తాడు. ఒళ్లు మండుతుంది. కాని ఆయన రాని శుక్రవారం కూర ఇంకా చప్పగా ఉంటుంది.

ఆ ఏడు భోజన్న తప్పనిసరిగా ఊరికి వెళ్లాల్సి వచ్చింది. చెల్లెలు పుష్ప కొడుకుకు పుట్టువెంట్రుకలు తీయాలి. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టుకుని తొలి కత్తెర వేస్తే గాని మంగలి కత్తి ముట్టడు. పుష్పకు ఉన్నది ఒక్కడే అన్న. పదకొండో నెలలో తీద్దామంటే భోజన్నకు ఛుట్టీ దొరకలేదు. ఇప్పుడు మూడో ఏడు నడుస్తోంది, అదీ చివరికొచ్చింది. సరి సంవత్సరంలో తీయరు కాబట్టి ఇది తప్పితే మళ్లీ అయిదో ఏడే. ఈలోపల పిల్లవాడి జుట్టు భుజాలు దాటింది. రెండు జడలేసి రిబ్బన్లు కడితే అంగన్‌వాడీ టీచరు ఆడపిల్లల వరసలో కూర్చోబెట్టింది. వరసకు మామ అయ్యేవాణ్ని ఎవర్నో ఒకర్ని కూర్చోబెట్టి కానిచ్చేద్దామని బావ అన్నాడు. పుష్ప వినలేదు. "మా అన్న అచ్చి కత్తెర వెట్టిందాక నా కొడుకు నెత్తి మీద ఎవ్వల శెయ్యి పడద్దు" అంది. ఈ మాట ఫోనులో విన్నప్పటి నుంచి భోజన్న మా ఉప్పు గురించి మాట్లాడటం మానేశాడు. అప్పుడు అర్థమైంది మాకు, సంగతి చిన్నది కాదని.

ఛుట్టీ అడగడానికి మంచి సమయం కోసం ఆయన కాచుకుని ఉండగా, బాబా ఇంటికి ఒక పంజరం తెచ్చాడు. ఇక్కడ ఇళ్లలో పనిచేసేవాళ్లు యజమానిని బాబా అనే అంటారు. ఇక్కడ ఉండటానికిచ్చే ఇకామా కార్డు, మన రాకపోకలు, అన్నీ ఆయన చేతిలోవే. కూతురు నూరా క్లాసులో ఫస్టు వచ్చినందుకు ఆ పంజరం బహుమతి. లోపల ఉన్నదానికి పొడుగాటి ఒళ్లు, పొట్టి కాళ్లు, కోసు మూతి, కళ్ల చుట్టూ నల్లటి పట్టీ. నూరా దానికి సుక్కర్ అని పేరు పెట్టింది. అంటే చక్కెర. చక్కెర ఆ సాయంత్రమే నూరా వేలు కొరికింది. విడిపించబోయిన మేడం మణికట్టు కొరికింది. పంజరం తలుపు వేయబోయిన బాబా చూపుడువేలు కొరికింది. ఇంట్లో ఇక మిగిలినవాడు డ్రైవరే.

"భోజన్, ఇదేమిటో నీకు తెలుసా?" అని వేలికి దూది చుట్టుకుంటూ అడిగాడు బాబా.

భోజన్న తొంగి చూశాడు. ముంగిస. అందులో సందేహమేముంది? "తెల్వకేంది బాబా. మా ఊర్లె ఇంటికొకటి ఉంటది. నేనే సాకిన" అన్నాడు, తనకొచ్చిన అరబ్బీలో హిందీ కలిపి. నిజానికి ఆయన ముంగిసను చూసింది అది దారికి అడ్డంగా పరుగెత్తినప్పుడే, అదీ వెనక నుంచి.

"అయితే దీన్ని మాలిమి చెయ్యి. నూరా చేతిలో కూర్చోవాలి."

ఇదే అదననుకుని భోజన్న మేనల్లుడి సంగతి ఎత్తాడు. బాబా చెడ్డవాడు కాదు. జడల ఫోటో చూసి నవ్వాడు, మాషా అల్లా అన్నాడు. ఇది నూరా చేతిలో కూర్చున్న రోజు నీ ఛుట్టీ కాగితం తీస్తాను, ఇన్షా అల్లా అన్నాడు. భోజన్న ఆ కబురు తెచ్చినప్పుడు మా గదిలో అందరం సంతోషించాం. ముంగిసను మచ్చిక చేయడం ఎంతసేపని ధైర్యం కూడా చెప్పాం. మాలో ఒక్కడు కూడా దాన్ని ముట్టిన పాపాన పోలేదు.

మేడంకు దాని వాసన పడలేదు. పంజరం గేటు పక్క గదికి వచ్చేసింది. ఆ గదిలో ఏసీ చెడిపోయి రెండు ఎండాకాలాలు గడిచాయి. భోజన్న అడిగినప్పుడల్లా బాబా "బుక్రా" అనేవాడు, అంటే రేపు. ఆ రేపు రానేలేదు. ఇప్పుడు జంతువుల డాక్టరు ఫోనులో, ఈ జాతి వేడికి తట్టుకోలేదు, ప్రాణం పోతుందని చెప్పాడు. మర్నాడే కొత్త స్ప్లిట్ ఏసీ దిగింది. బిగించడానికి పిలిచింది నన్నే.

"ఎవలి కోసమైతేంది తమ్మీ, సల్లగాలి సల్లగాలే" అని నిచ్చెన పట్టుకుని నవ్వాడు భోజన్న. నేను మాత్రం ఒక్కో స్క్రూను కావాల్సినదానికంటే గట్టిగా బిగించాను. ఆయన చల్లగాలికి ముఖం పెట్టి కళ్లు మూసుకుంటే, గాలి అటే వచ్చేలా ఏసీ రెక్కలు తిప్పాను.

మా గదిలో పెద్దవాడు పీరయ్య. సెంట్రింగు పని. కంపెనీ గొడవల్లో ఆయన ఇకామా ఇరుక్కుని ఉంది. పొద్దున్నే ముంగిస ఎదురైతే పని అవుతుందని ఆయన నమ్మకం. ఆఫీసుకు పోయే రోజు ముందుగా భోజన్న గదికి పోయి, పంజరం ముందు నిలబడి దండం పెట్టుకుని వెళ్లాడు. ఇకామా రెన్యువల్ అయింది. ఇక చూసుకోండి. తెల్లవారితే భోజన్న ఫోనుకు వీడియో కాల్సు. మెడికల్‌కు పోయేవాడు, లైసెన్సు టెస్టుకు పోయేవాడు, కంపెనీ మారేవాడు, అందరిదీ ఒకటే మాట: "అన్నా, ఒక్కపారి ముంగిసను సూపియ్యే." సుక్కరేమో రోజులో ముప్పాతిక భాగం నిద్రపోయే జీవి. దాన్ని లేపి, మొహం కెమెరా వైపు తిప్పబోయి, అందరి శకునం కోసం భోజన్న కాట్లు తినేవాడు.

మాలిమి సంగతి మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. వెల్డింగువాళ్ల తోలు గ్లౌజులు తెచ్చి తొడుక్కున్నాడు. సుక్కర్ ఆ గ్లౌజులను పగవాణ్ని చూసినట్టు చూసి వాటి పనిపట్టింది. ఒట్టి చేత్తో పోతే కరిచింది. కరవగానే భోజన్న "వామ్మో" అని చెయ్యి లాక్కునేవాడు. మూతి మీద వేలితో కొట్టి చూశాడు, అది ఇంకా రెచ్చిపోయింది. చివరికి పది వేళ్లకూ ప్లాస్టర్లతో స్టీరింగు పట్టుకుంటే, నూరా బడి దగ్గర తోటి డ్రైవర్లు ఈయన కొత్తగా వంటపనిలో చేరాడనుకున్నారు.

అప్పుడు వచ్చాడు రఫీ. కడప మనిషి, కుక్కలకూ పిల్లులకూ తిండి అమ్మే దుకాణంలో పని. ఓ శుక్రవారం మాతో పాటు ముంగిసను చూడ్డానికి వచ్చి, గుమ్మంలోనే నిలబడి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఏందబ్బా, దీన్నా ముంగిస అంటాండారు? ఇది ఫెరెట్టు. తెల్లోళ్లు ఇండ్లల్లో సాకుతారు దీన్ని. మా అంగట్లో దీనికి మేత గూడా అమ్ముతాం."

పీరయ్య ముఖం పాలిపోయింది. "మరి నా ఇకామా?" అన్నాడు. అయిపోయిన రెన్యువల్‌ను ఎవరూ వాపసు తీసుకోరని మేమంతా సముదాయించాల్సి వచ్చింది. భోజన్న ఒక్క క్షణం తడబడ్డాడు. ఒక్క క్షణమే. "నాకెర్కనే. మీకు సమజైతదని ముంగిస అన్న, అంతే" అన్నాడు. వీడియో కాల్సు కూడా ఆగలేదు. పనులు అవుతున్నప్పుడు జంతువు పేరు ఏదైతే ఎవరికేం?

రఫీ నేల మీద కూర్చుని ఆయన వేళ్లు చూశాడు. "ముందు ఆ గ్లౌజులు పారెయ్యి. దానికి చూపు తక్కువ, అంతా వాసనే. నువ్వు తొడిగి ఇడిసిన బనీను ఉండాది సూడు, ఉతకొద్దు, అట్లే దాని పక్కలో ఎయ్యి. నీ వాసనకు అలవాటు పడనీ. వేలికి గుడ్డు సొన పూసి నాకిపియ్యి. కొరికిందనుకో, చెయ్యి ఎనక్కి తియ్యొద్దు. తీస్తే ఏమైతాదంటే, కొరికితే వీడు పోతాడులే అని నేర్చుకుంటాది. కదలకుండా పెట్టు. అదే ఇడుస్తాది."

"నొయ్యదా?" అన్నాడు భోజన్న.

"నొస్తాది. నొయ్యదని ఎవురు చెప్పినారు?"

అన్నీ తెలిసిన భోజన్న మొదటిసారి ఒకరు చెప్పింది చెప్పినట్టు చేశాడు. ఎండలో కారు కడిగి, తడిసి ముద్దయిన బనీను సుక్కర్ పక్కలో వేశాడు. సొన పూసిన వేలు పంజరంలో పెట్టి, గోడ మీద క్యాలెండరు చూస్తూ పళ్లు బిగపట్టేవాడు. బొటనవేలి మొదట్లో పడ్డ కాటు గట్టిది, కళ్లలో నీళ్లు తిరిగాయట. చెయ్యి మాత్రం తీయలేదు. కొన్నాళ్లకు కాటు కొరుకుడుగా, కొరుకుడు నాకుడుగా మారింది. ఇంకొన్నాళ్లకు మెడ వెనక చర్మం పట్టి ఎత్తితే ఆవులించి వేలాడేది. ఆయన బనీనులో దూరి నిద్రపోయేది. మేలుకుంటే పక్కలకు గెంతుతూ గది నిండా చిందులేసేది. మేజోళ్లు ఎత్తుకుపోయి మంచం కింద దాచేది. ఒకసారి కారు తాళం కూడా దాచి, బాబాను ఆఫీసుకు ఆలస్యం చేసింది. భోజన్న దానికి అన్నీ చెప్పేవాడు. మేనల్లుడి జడల గురించి, పుష్ప మొండితనం గురించి. ఊళ్లో మనుషుల పేర్లన్నీ దానికి తెలిసిపోయి ఉంటాయి.

ఒక రోజు చొక్కా జేబులోంచి తల బయటపెట్టిన సుక్కర్‌ను బాబాకు చూపించి, ఛుట్టీ కాగితం కోసం నిలబడ్డాడు. నూరా ఆశగా వేలు చాచింది. సుక్కర్ కరిచింది. పిల్ల కెవ్వున అరిచి చెయ్యి లాక్కుంది. సుక్కర్ తిరిగి జేబులో దూరింది.

బాబాకు మాత్రం ముచ్చటేసింది. "నీతో ఎంత బాగుంది భోజన్! నువ్వు వెళ్లిపోతే దీన్ని ఎవరు చూస్తారు? పాపం, చచ్చిపోతుంది. కొంచెం ఆగు."

ఆ శుక్రవారం భోజన్న మా గదిలో అన్నం ముట్టలేదు. "మాలిమి జెయ్యకుంటె ఛుట్టీ లేదు. జేస్తె గూడ లేదు. నేనేం జెయ్యాల్నుల్లా?" అన్నాడు. అంత నోరున్న మనిషి గొంతు అలా పడిపోతే చూడలేకపోయాం. అటు పుష్ప దగ్గర మూడో ఏడు కరిగిపోతోంది.

రఫీ చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "నిన్ను మర్సిపోయేటట్టు జెయ్యల్ల. ఆ పాప వాసన పెట్టల్ల. దాంతో పాటు ఆ పాపకు గూడా నేర్పియ్యల్ల, చెయ్యి తియ్యొద్దని."

ఆడపిల్ల కట్టిన బట్ట ఇమ్మని డ్రైవరు అడగడం ఏ ఇంట్లోనూ బాగుండదు. భోజన్న మేడంకు సంగతంతా చెప్పి, మీకు తోచింది ఇవ్వండన్నాడు. నూరా పక్కలో పెట్టుకుని పడుకునే పాత గుడ్డ కుందేలును మేడం పంపించింది. బనీను బయటికి వచ్చింది, కుందేలు లోపలికి పోయింది. ఆ రోజు నుంచి భోజన్న డెటాల్ సబ్బుతో స్నానం చేసి గదిలోకి వచ్చేవాడు. సుక్కర్‌తో మాట్లాడటం మానేశాడు. అది వచ్చి కాలి మీద ఎక్కి, ప్యాంటు పట్టుకుని పైకి పాకి, మోకాలి దగ్గర ఆగి మొహంలోకి చూసేదట. ఈయన గోడ వైపు చూస్తూ నిలబడేవాడట.

"పానం గుంజుతది తమ్మీ" అన్నాడు నాతో. "అది నన్నేమనుకుంటదో."

ఒక జంతువు కోసం ఇంత మనిషి ఇలా అయిపోతాడా అని నవ్వబోయాను. నవ్వు రాలేదు.

రోజూ సాయంత్రం, అస్ర్ నమాజు తర్వాత వరండాలో నూరాకు పాఠం. మేడం గుమ్మంలో నిలబడి చూసేది. నూరా వేలికి సొన పూసి, భోజన్న దూరంగా మెట్టు మీద కూర్చునేవాడు. మొదట్లో పిల్ల వేలు చాచడం, అది మూతి తెరవడం, పిల్ల పారిపోవడం, ఇదే వరస. "ఏడువు బిడ్డా, ఏడిస్తె ఏం గాదు. శెయ్యి మాత్రం తియ్యకు" అని తన వంకర అరబ్బీలో చెప్పేవాడు. మచ్చలు పడ్డ తన వేళ్లు చూపించేవాడు. ఒక రోజు సుక్కర్ పట్టుకుంది. నూరా కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి. చెయ్యి కదపలేదు. సుక్కర్ కాసేపు పట్టుకుని, ఎందుకో అనుమానం వచ్చినట్టు వదిలేసి, సొన నాకింది. తర్వాత ఆమె గౌను మడతల్లోకి దూరి చుట్టుకుని పడుకుంది. మేడం చప్పట్లు కొట్టింది. భోజన్న లేచి కారు కడగడానికి వెళ్లిపోయాడు.

బాబా మాట తప్పలేదు. వెళ్లి మళ్లీ రావడానికి కావలసిన కాగితం తీశాడు, టికెట్టు చేతిలో పెట్టాడు.

మధ్యలో ఇంకొకటి జరిగింది. నిర్మల్ మనిషొకడు ముందే ఊరికి పోతుంటే రఫీ సగం నవ్వులాటకు అన్నాడు: "మీ అల్లుడు నిన్ను ఫోన్లోనే గదా సూసింది? వానికి గూడా ఒక బనీను పంపియ్యి." భోజన్న నవ్వులాటగా తీసుకోలేదు. చాక్లెట్ల కింద, ప్లాస్టిక్ కవర్లో చెమట బనీను పెట్టి పంపాడు. పిల్లవాడి పక్కలో వేయమని చెప్పడం మరిచిపోయాడో, సిగ్గుపడ్డాడో తెలియదు. పార్సిలు విప్పిన పుష్ప ఫోను చేసి బోరుమని ఏడ్చింది. "నీకు బట్టలు ఉతికేటోళ్లు గూడ లేరాయె అన్నా" అంది. ఆ బనీనును సర్ఫులో నానబెట్టి, ఉతికి, నీలిమందు పెట్టి, ఇస్త్రీ చేసి బీరువాలో దాచానంది. భోజన్న "మంచిగ జేసినవ్ చెల్లె" అని ఫోను పెట్టేశాడు. మేము రెండు రోజులు నవ్వాం.

పుట్టువెంట్రుకలు తీసేది వాళ్ల ఊరి వైపున్న అడెల్లి పోచమ్మ గుడి దగ్గర. ఆ శుక్రవారం పొద్దున మా గదిలో అందరం ఒక్క ఫోను చుట్టూ కూర్చున్నాం. అక్కడ బావ వీడియో పట్టుకున్నాడు. భోజన్న కొత్త పంచె కట్టుకుని పీట మీద కూర్చున్నాడు. పుష్ప పిల్లవాణ్ని తెచ్చి ఒళ్లో పెట్టింది. రోజూ సాయంత్రం ఫోనులో "మామా" అని ముద్దులు పెట్టినవాడే, నిజం మామను చూసి గుక్కపట్టాడు. విల్లులా వంగిపోయాడు, కాళ్లతో తన్నాడు, చుట్టూ ఉన్న ఆడవాళ్లు తలా ఒక మాట అన్నారు. మంగలి కత్తెర అందించి ఇక కానియ్యమన్నాడు. భోజన్న పట్టు బిగించేసరికి పిల్లవాడు తలవంచి, ఆయన బొటనవేలి మొదట్లో, సరిగ్గా ఆ పాత మచ్చ మీద పళ్లు దించాడు.

"అయ్యో, కరిసిండు! శెయ్యి తియ్యి, తియ్యి!" అని అక్కడ అందరూ అరుస్తున్నారు. ఇక్కడ మా గదిలో అందరం ఫోను మీద పడ్డాం. రఫీ ఫోనులోకి వంగి, "తియ్యొద్దబ్బా" అన్నాడు. అది అక్కడికి వినపడి ఉండదు.

భోజన్న తీయలేదు. కళ్ల నిండా నీళ్లు, మొహం మీద నవ్వు. పిల్లవాడు పట్టుకునే ఉన్నాడు. ఎంతకూ ఆ చెయ్యి కదలకపోయేసరికి వదిలేశాడు. వెక్కుతూ ఆ వేలి వైపు చూశాడు, మామ మొహం వైపు చూశాడు. భోజన్న పక్కనున్న గిన్నెలోంచి వేలితో బెల్లమన్నం తీసి వాడి పెదవులకు రాశాడు. వాడు నాకాడు. ఇంకా కావాలన్నట్టు నోరు తెరిచాడు.

కత్తెర పడింది. మొదటి జడ రిబ్బనుతో సహా పళ్లెంలో రాలింది. పుష్ప ఏడుస్తోంది. ఇక్కడ పీరయ్య కూడా ఏడుస్తున్నాడు. నేను ఫోను ఛార్జింగు చూసే నెపంతో తల తిప్పుకున్నాను.

ఆ తర్వాత పిల్లవాడు మామ చంక దిగలేదట. తిండి, నిద్ర, స్నానం అన్నీ మామతోనే. అంతా బాగా కుదిరిన వారానికి ఛుట్టీ అయిపోయింది. వాడు నిద్రపోతున్నప్పుడు భోజన్న బయలుదేరాడు.

తిరిగొచ్చిన రోజు నూరా పరుగెత్తుకొచ్చి సుక్కర్‌ను చూపించింది. అది ఆయన బూటు వాసన చూసి, తుమ్మి, నూరా భుజమెక్కేసింది. "నా పని మంచిగ జేసినన్నట్టు" అన్నాడు మాతో. పెద్దగా నవ్వాడు. ఆ శుక్రవారం మా కూరలో ఉప్పు ఎక్కువైందన్నాడు.

అన్నం తింటుండగానే పుష్ప ఫోను. పిల్లవాడు మామ విడిచిన చొక్కాను చుట్టుకుంటే గాని నిద్రపోవడం లేదట.

"గలీజు వాసనొస్తున్నదన్నా. ఒక్కపారి ఉతుకనా?"

భోజన్న ముద్ద పళ్లెంలోనే వదిలేశాడు. చెయ్యి అడ్డం ఊపాడు, ఆమె ఎదురుగా ఉన్నట్టు.

"వద్దు చెల్లె" అన్నాడు. "ఉతుకకు. వాసన పోతది."